పచ్చనీళ్ల కాపలా

పాల డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో మురుగునీటి పనికి కుదిరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. "అవ్వా, పాచితోని నీళ్లు బాగుచేసేటోళ్లంట గద మీరు, ఎట్ల చేసిండ్రు?" అని అడుగుతారు. నోటితో చెబితే ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చెబుతున్నాను. అందుకని రాస్తున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, మనుమరాలి పలక మీద దిద్దుకున్నాను. కాబట్టి ఇందులో పెద్ద మాటలు ఉండవు. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సారు ఎక్కడికి బదిలీ అయ్యాడు అన్నవి రాయను. అవి మీ పనికి అక్కరకు రావు.

చెలిమెలు

మా ఊరు బోధన్‌కు దగ్గర, ఒక వాగు ఒడ్డున. చుట్టూ చెరుకు తోటలు. వాగు వానాకాలంలో పారుతుంది, మిగతా రోజుల్లో ఇసుకే. ఆ ఇసుకలో చేతులతో గుంట తోడితే అడుగున నీళ్లూరుతాయి. దాన్ని చెలిమె అంటాం. ఆ నీళ్లను చిప్పతో తోడి బిందె నింపుకోవాలి. ఊరంతా తాగేది ఆ నీళ్లే. నేను కాపురానికి వచ్చిన తెల్లవారి మా అత్త మల్లవ్వ నన్ను మొదట తీసుకుపోయింది చెలిమె దగ్గరికే. "మెల్లగ తోడు పిల్లా, ఊటను బెదరగొట్టకు" అన్నది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో వాగుకు ఎగువన ఒక షావుకారు బర్ల ఫారం పెట్టాడు. చెరుకు నరికే కాలంలో కొసల ఆకు మేతకు దండిగా దొరుకుతుంది, పాలు నిజామాబాద్ హోటళ్లకు పోతాయి. కొట్టాలు కడిగే పనికి నేనూ కుదిరాను. పెండ ఎత్తి, ఉచ్చ కడిగి, ఆ నీళ్లను కాలువలోకి ఊడ్చేవాళ్లం. కాలువ పోయి వాగులో కలిసేది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. వాగులో కలిసినవన్నీ ఎక్కడికో పోతాయనే అనుకున్నాం. ఇసుక కింద నీళ్లు కూడా నడుస్తాయని అప్పుడు మాకెవరికీ తెలియదు.

రెండో ఎండాకాలానికి చెలిమెలు వాసన పట్టాయి. పిల్లలకు కడుపులు చెడిపోయాయి. ఒకరోజు ఊరి ఆడవాళ్లంతా నిండు బిందెలతో ఫారం గేటు ముందుకు వచ్చారు. అందరికంటే ముందు మా అత్త. నేను లోపల చీపురు పట్టుకుని నిలబడ్డాను.

మేనేజరు బయటికి వచ్చి, "ఏంది లొల్లి?" అన్నాడు.

"లొల్లెందుకు సారూ, ఎండ గొడుతుంది గద, మీకు దూపైతదని మంచినీళ్లు తెచ్చినం. తాగుండ్రి" అన్నది అత్త, బిందె ముందుకు తోసి.

ఆయన ముక్కు మూసుకున్నాడు. ఆడవాళ్లు బిందెలన్నీ గేటు దగ్గరే గుమ్మరించి పోయారు. సాయంత్రం ఇంటికి పోతే అత్త అన్నం పెట్టింది, అంతే.

పచ్చనీళ్లకు తోడు

షావుకారు భయపడి హైదరాబాద్ నుంచి ఒక పశువుల డాక్టరు గారిని పిలిపించాడు. నేను చూసిన పెద్దసార్లలో చెప్పులు చేత పట్టుకుని పెండనీళ్లలో దిగినవాడు ఆయన ఒక్కడే. కాలువ పొడవునా నడిచి, చెలిమెల దాకా పోయి, మా అత్తతో సహా పదిమందిని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఒకదాని కింద ఒకటిగా మూడు మడుగులు తవ్వించాడు. మొదటిది లోతు. పెండ అందులో కిందికి దిగుతుంది. మిగతా రెండూ వెడల్పు, లోతు మాత్రం నడుము దాకా రాదు. అడుగు వరకూ ఎండ దిగాలన్నాడు. మూడో మడుగుకు తూము పెట్టి, అక్కడి నుంచి నీళ్లు పశుగ్రాసం మళ్లలో పారి, మిగిలినవి వాగుకు చేరేలా చేశాడు.

పని చూసుకోవడానికి సూపర్‌వైజరు ఖాజా సాబ్‌ను, ఆయన కింద నన్ను పెట్టారు. ఖాజా సాబ్ బోధన్ మనిషి, నవ్వకుండా జోకులు వేసేవాడు. డాక్టరు గారు మా ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పారు.

"పెండను తిని అరిగించే పురుగులు నీళ్లలోనే ఉంటాయమ్మా, కంటికి కనిపించనంత చిన్నవి. వాటికి గాలి కావాలి. ఆ గాలిని ఈ పాచి ఎండలో తయారుచేసి నీళ్లలోకి వదులుతుంది."

"అంటే సారూ, గీ పాచి ఎండ తిని గాలి ఇడుస్తదా?" అన్నాను.

"సరిగ్గా అంతే."

"మా ఇంట్ల బామ్మర్ది గూడ ఎండ తప్ప ఏం తినకుంటే ఎంత మంచిగుండు సారూ" అన్నాడు ఖాజా సాబ్.

మొదట మడుగులు పచ్చబడలేదు. నల్లగా, వాసనగా అట్లాగే ఉన్నాయి. డాక్టరు గారు ఊరవతల కుంటలో నిలిచిన పచ్చటి నీళ్లు కావిళ్లతో తెప్పించి పోయించారు. పాలలో పెరుగు తోడు వేసినట్టే. పక్షం దాటేసరికి రెండో మడుగు అంచులు పచ్చబడ్డాయి. నెలకు మూడో మడుగు కూడా లేత పెసర రంగుకు తిరిగింది. వాసన పోయింది. వానాకాలం వాగు పారి పాత మురికి కొట్టుకుపోయాక, వచ్చిన ఎండాకాలంలో చెలిమెలు బాగుపడ్డాయి. డాక్టరు గారు మాత్రం, "చంటిపిల్లలకు కాచి చల్లార్చే ఇవ్వండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆ మాట మీరూ మర్చిపోకండి. కంటికి శుభ్రంగా ఉన్న నీళ్లన్నీ తాగే నీళ్లు కావు.

అయినా ఊళ్లో ఎవరూ ఆ మడుగులను మెచ్చుకోలేదు. వాటికి పెండమడుగులనే పేరు పడింది. నేను పెండమడుగు రాజవ్వనయ్యాను.

చేయి ముంచి చూడటం

మీ దగ్గర మీటర్లున్నాయి. మంచిదే. నాకు అప్పుడు ఒకటి ఉంటే ఎన్నో పొద్దులు గాబరా తప్పేది. కానీ మీటరు పట్టుకునే ముందు మడుగును ఒకసారి కంటితో చూడండి. డాక్టరు గారు నాకు నేర్పింది ఇది: చేయి మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించకూడదు. కనిపిస్తే పాచి తక్కువైంది. మరీ ముంచిన వెంటనే అరచేయి మాయమైతే పాచి ఎక్కువైంది, తనకు తానే నీడ అవుతుంది. కొట్టం కడిగిన నీళ్లు ఎండ పైకి వచ్చాకే వదలాలి. చీకట్లో పాచి గాలి ఇవ్వదు, పైగా అది కూడా గాలి తీసుకుంటుంది. ఒక్కసారిగా వదలకూడదు. చంటిపిల్లకు పెట్టినట్టు కొంచెం కొంచెంగా పెట్టాలి.

చెరుకు గానుగల కాలంలో బర్రెలకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డి కలిపి పెట్టేవారు. చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం అది. ఒకసారి మడ్డి పీపా పగిలి, అంతా కడిగి మడుగులోకి తోశారు. మర్నాటికి పచ్చదనం చచ్చి, కుళ్లు వాసన గుప్పుమన్నది. తీపి కూడా మురుగేనని ఆ రోజు తెలిసింది. పెండ కంటే పెద్ద మురుగు.

సున్నం వేయించిన మేనేజరు

తర్వాత వచ్చిన ఒక మేనేజరు గురించి చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. కొట్టాల్లో ఈగ వాలనివ్వడు. గోడలకు నెలనెలా సున్నం. ఫారం చూడ్డానికి పైనుంచి పెద్దమనుషులు వస్తున్నారంటే ఆయన మడుగుల దగ్గరికి వచ్చి మొహం చిట్లించాడు.

"ఏందిది, పాచి పట్టి? వచ్చినోళ్లు చూస్తే ఇజ్జత్ ఏముంటది? తీసెయ్యుండ్రి. సున్నం కొట్టుండ్రి."

ఖాజా సాబ్ చేతులు కట్టుకుని, "సారూ, గదే పని చేసేది" అన్నాడు.

"పాచి పని చేస్తదా? మరి నీకు జీతమెందుకు?"

సున్నం బస్తాలు పడ్డాయి. పాచి ముద్దలు ముద్దలై అడుగుకు దిగింది. నీళ్లు అద్దంలా తేటపడ్డాయి. పెద్దమనుషులు వచ్చి చూసి మెచ్చుకుని టీ తాగి పోయారు. వారం తిరగకుండా నీళ్లు నల్లబడ్డాయి. డాక్టరు గారు వచ్చి ఎవరినీ తిట్టలేదు. మేనేజరును గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని, నాకు చెప్పిందే మొదటి నుంచీ మళ్లీ చెప్పారు. తర్వాత కావిళ్లు కట్టించి కొత్తగా తోడు పోయించారు. ఆ మేనేజరు ఆ తర్వాత మడుగుల జోలికి రాలేదు. కానీ తెలిసి ఊరుకున్నాడా, అలిగి ఊరుకున్నాడా నాకు తెలియదు. నా మాట ఏమిటంటే, కళ్లకు తెల్లగా కనబడటమే శుభ్రం అనుకునేవాళ్లు ఎంత కష్టజీవులైనా ఈ పనికి పనికిరారు. వాళ్లను కొట్టాలు కడిగే పనికి పెట్టండి, బంగారంలా చేస్తారు.

కరువు ఏడు

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఈ పని ఏమిటో తెలిసింది ఆ ఏడే.

డెబ్బైల మొదట్లో వానలు పోయాయి. భాద్రపదం దాటుతున్నా వాగు పారలేదు. ఊరి చెరువు నెర్రెలిచ్చింది. ఫారానికి లోతైన బావి ఉండబట్టి బర్రెలు బతికాయి. ఆ బావి నీళ్లే కొట్టాలు కడిగి, మడుగుల్లో పచ్చబడి, గడ్డిమళ్లలో పారి, వాగు ఇసుకలోకి దిగి, మా చెలిమెల్లో ఊరేవి. చుట్టుపక్కల ఊళ్ల చెలిమెలు ఎండిపోయాయి. మావి ఎండలేదు. ఎందుకో ఊరికి మెల్లగా అర్థమైంది. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. తొమ్మిది రోజులు పూలు పేర్చి, ఆడి, నీళ్లలో వదలాలి. నీళ్లెక్కడ? మొదటి రోజు సాయంత్రం ఆడవాళ్లు పళ్లాల్లో బతుకమ్మలు పట్టుకుని ఫారం గేటు దగ్గరికి వచ్చారు. ఎన్నో ఏళ్ల కింద బిందెలు గుమ్మరించిన ఆ గేటుకే. ముందర మా అత్త.

"ఏమే రాజవ్వా, మూడో మడుగు కాడికి దోవెటు?" అన్నది, ఏమీ ఎరగనట్టు. రోజూ నాకు సద్ది తెచ్చి ఇచ్చే మనిషి!

ఖాజా సాబ్ గేటు తెరిచి పక్కకు తిరిగి నిలబడ్డాడు. గట్టు మీద ఆడి, పాడి, మూడో మడుగులో బతుకమ్మలు వదిలారు. పెండమడుగు అన్న నోళ్లతోనే, "పోయి రా గౌరమ్మా" అని బతుకమ్మను సాగనంపారు. నేనూ నాది వదిలాను. ఆ పూట నాకు కలిగిన సంతోషం జీతంలో లేదు, ఇంకెక్కడా లేదు.

రోజూ వచ్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం మడుగు చూడబోయాను. గాలికి పూలన్నీ ఒక మూలకు చేరి చాపలా పరుచుకున్నాయి. వాటి కింద నీళ్లు టీ డికాషన్ రంగుకు వచ్చాయి. మిగతా మడుగు కూడా పాలిపోయింది. పెద్ద చెరువులో ఆ పూలు ఏ మూలకు? ఈ మడుగుకు అవి నీడ, పైగా కుళ్లు. మరో ఐదు రోజుల్లో పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ. ఆనాడు ఒక్కో ఇంటి బతుకమ్మ చిన్నపిల్ల ఎత్తు ఉంటుంది. అవన్నీ పడితే మడుగు చస్తుంది. చచ్చిన నీళ్లు వదిలితే చెలిమెలు చెడతాయి. వదలకపోతే ఎండుతాయి. ముందు తూము పలక దించి నీళ్లు ఆపేశాను.

ఖాజా సాబ్‌కు చూపించాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"సాబ్, మీరు చెప్పుండ్రి. మీ మాటింటరు."

"నేనా? మగోన్ని, అందుల సాయిబును. మీ పండుగకు అడ్డమొస్తే రేపు నేను ఊళ్లకెట్ల రావాలె? డాక్టరు సాబ్ గూడ ఈడ లేడాయె. నువ్వే చెప్పాలె రాజవ్వా. నేనైతే గేటు తెరిచిన, ఇగ మూయలేను."

ఆ సాయంత్రం మా వాకిట్లో ఆడవాళ్లు గునుగు పూలకు రంగులు అద్దుతున్నారు. ఇక మడుగులో పూలు వేయొద్దని నేను నిలబడే చెప్పాను. పక్కింటి పోశవ్వ చేతిలోని పూలు కింద పెట్టింది.

"ఇన్నవా మల్లవ్వా! నీ కోడలికి జీతమిచ్చే పాచి గౌరమ్మకంటె పెద్దదైందంట."

"పెద్దదని నేనన్లే, పోశక్కా" అన్నాను.

"పూలు పడితె నీళ్లు మంచిగైతయని మా అవ్వ చెప్పింది. నువ్వొచ్చి చెడ్తయంటున్నవ్. మొన్న నువ్వెయ్యలేదా?"

"ఏసిన. అందుకే చెప్తున్న. చెర్వుల మంచిగైతయేమో. గిది చెర్వు కాదు."

అత్త రంగు గిన్నె పక్కకు జరిపింది. "చెలిమె నిన్నటికి ఇయ్యాలకు జానెడు దిగింది. అదెందుకు?" అన్నది.

"తూము దించిన అత్తా."

"నువ్వే దించినవా?"

"నేనే."

పోశవ్వ "సూసినవా!" అంటూ లేచి పోయింది. వెనకే మిగతావాళ్లూ లేచారు. అత్త అద్దిన పూలను ఒక్కొక్కటే ఆరబెట్టింది. ఆ రాత్రి కూడా అన్నం పెట్టింది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం పిలవకుండానే మడుగు దగ్గరికి వచ్చింది. "ఏది, సూపియ్యి" అన్నది. పూలకు దూరంగా ఒకచోట చేయి ముంచమన్నాను. తర్వాత పూల మూలలో రెండో చేయి ముంచమన్నాను. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి వాసన చూసుకున్నది. రెండోదాన్ని కొంగుకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నది.

"ఎన్ని బతుకమ్మలైతె ఓర్సుకుంటది?"

"అసలొద్దు అత్తా."

"అసలొద్దంటె ఊరు వినది. గౌరమ్మ లేని పండుగ చెయ్యలేం. ఎన్ని?"

మడుగు వైపు చూశాను. "ఒకటి. తెల్లారి తీసెయ్యాలె గని" అన్నాను. చివరి మాట అత్త విన్నదో లేదో తెలియలేదు. అప్పటికే గట్టు దిగిపోతోంది.

ఇల్లిల్లూ తిరిగి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఎవరూ మడుగుకు రాలేదు. చిన్న బతుకమ్మలను ఇళ్ల ముందే ఉంచుకున్నారు. సద్దుల నాడు పొద్దున మాత్రం ప్రతి ఇంటి నుంచీ ఒకరు మా అరుగు దగ్గరికి వచ్చారు, గుప్పెట్లో పూలతో. అత్త ఇత్తడి తాంబాళం ముందు కూర్చుంది. ఊరంతటికీ ఒకటే బతుకమ్మ.

పోశవ్వ గంప నిండా తెచ్చింది.

"గుప్పెడే" అన్నది అత్త.

"నా తంగేడు సూడు ఎట్లున్నదో. ఊళ్ల ఇట్లాంటిది లేదు."

"ఉన్నది, నీ గుప్పెట్ల పట్టినంతే ఉన్నది. ఇయ్యి."

"అయితె నాది అడుగు వరసల పెట్టు, మీద పెట్టకు. మీదయితే గాలికి రాల్తది."

"నిన్ను గూడ అడుగు వరసలనే పెడ్త, సప్పుడు చెయ్యకు."

ఎప్పుడూ విడిగా ఆడే వాడల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి దూరంగా నిలబడ్డారు. అత్త తల ఎత్తకుండానే, "గుప్పెడే" అని వాళ్లకూ చెప్పి చేయి చాపింది. ఎవరి పూలు ఎక్కడున్నాయో మధ్యాహ్నానికి ఆమెకే తెలియలేదు. పొద్దుగూకే వేళకు మూడో మడుగు గట్టు మీద ఆ ఒక్క బతుకమ్మ చుట్టూ ఊరంతా ఆడింది. వలయం పట్టక గట్టు కిందికి కూడా దిగాల్సి వచ్చింది. ఆడాక దాన్ని మడుగులో వదిలారు.

మడుగు తేరుకున్నది, వారంలో పచ్చబడింది, తూము ఎత్తాం. చెలిమెలు వానలు పడేదాకా నిలిచాయి. అది ముందే చెప్పేస్తున్నాను. ఈ ఉద్యోగం గురించి మీకు నేను చెప్పగలిగింది ఆ సద్దుల తెల్లవారి సంగతి.

మడుగు బతకాలంటే ఆ బతుకమ్మనూ, మూలన కుళ్లుతున్న పాతవాటినీ తీయాలి. సాగనంపిన గౌరమ్మను వెనక్కి లాగడం మా దగ్గర ఎవరూ చేయరు. కానీ అది నా పని. ఊరు లేవకముందే తీసేద్దామని, తూర్పు తెల్లబడుతుండగా కర్రకు కట్టిన గంప పట్టుకుని గట్టెక్కాను.

అత్త గట్టు మీద కూర్చుని ఉంది. చీర తొడల దాకా తడిసింది. పక్కన తాంబాళంలో ఊరి బతుకమ్మ, కొంచెం ఒరిగి. దాని పక్కన నల్లగా కుళ్లిన పూలన్నీ ఒక కుప్ప. మడుగు మూల ఖాళీ.

"అత్తా, ఇదేం పని? నేను తీస్తుంటి గద."

"నువ్వు తీస్తె, ఫారం జీతానికి ఆశపడి కోడలు గౌరమ్మను గుంజిపారేసిందంటరు. నీ పిల్లల దాక అంటరు." కొంగు పిండుకుంటూ లేచింది. "నేను తీస్తె, ముసల్దానికి మతి పోయిందంటరు. నాల్గు దినాలంటరు. పట్టు, అటుపక్క పట్టు, బరువున్నది."

తాంబాళం చెరో పక్కా పట్టుకుని, గౌరమ్మను పొడి ఇసుక మీద వదలడానికి వాగు వైపు దిగాం.